పదిహేను గజాల నీళ్ళు

ఏలూరులో నన్నెరిగినవాళ్ళెవరినడిగినా చెబుతారు, నా మాటల్లో పావు వంతే వినాలని. కొల్లేరులో మా పడవ తెరచాప మడతలో ఒక గూడబాతు గుడ్డు పెట్టిందనీ, అది పిల్లయ్యేదాకా మూడు వారాలు పడవ కదపలేదనీ ఊరంతా చెప్పినవాణ్ణి నేనే. నమ్మినవాళ్ళూ ఉన్నారు. టిఫిన్ హోటల్లో కనపడే ఒకాయన ఆ పిల్ల ఎలా ఉందని ఇప్పటికీ అడుగుతాడు. పెళ్ళీడుకొచ్చిందండీ, సంబంధాలు చూస్తున్నాం అంటాను.

తెరచాప మాత్రం అబద్ధం కాదు. చేపల చెరువుల్లో మేత చల్లే పాత ఫైబర్ పడవ ఒకటి సంపాదించాం. పెదవేగిలో పామాయిల్ గెలలు కోసే పొడుగాటి అల్యూమినియం గెడ తెచ్చి నిలబెట్టాం. ధాన్యం ఆరబోసే బరకం కుట్టించి దానికి కట్టాం. ఆ బుద్ధి పుట్టింది నాకు, లెక్కలు వేసింది నా స్నేహితుడు లెక్కల మాస్టారు, సామాను మోసింది మా తోడల్లుడు. ఆయనకి తాడేపల్లిగూడెంలో హార్డ్‌వేర్ కొట్టు ఉంది. యాభై దాటిన ముగ్గురు మగాళ్ళు ఆదివారం పూట ఇడ్లీలు మూట కట్టుకుని సరస్సు మీద గాలికి తిరుగుతుంటే, వలలు వేసుకునేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. ఏవండీ, చేపలు పట్టరు, పిట్టల్ని కొట్టరు, మరెందుకండీ రావడం అని అడిగేవారు. మా ఇళ్ళల్లోనూ అదే ప్రశ్న.

ఆ ఆదివారం ఉదయం పది కావస్తోంది. వానలు వెనకబట్టి పది రోజులైంది, నీళ్ళు ఇంకా దిగలేదు. ఒక పాత చెరువు గట్టు పక్కగా వస్తున్నాం. సరస్సులో చెరువులుండకూడదని సర్కారువాళ్ళు దాని గట్లు ఎప్పుడో కొట్టేశారు. గట్టు ముక్క మాత్రం రెల్లుగడ్డి మొలిచి లంకలా మిగిలింది. దానికి ఇవతల ఒక జంట దోనె బోర్లాపడి ఉంది. చుట్టూ నలుగురు మనుషులు.

కామవరపుకోట వైపు మెట్ట వాళ్ళు. అమ్మవారి మొక్కు తీర్చుకుని వస్తున్నారు. ఒక మొగుడూ పెళ్ళాం, ఆయన తల్లి, దోనె నడిపే మనిషి. గుర్రపుడెక్క అడ్డుపడితే ముసలావిడ భయపడి ఒక పక్కకి ఒరిగిందట. రెండు దోనెల్ని కలిపిన తాడు తెగి, నీళ్ళు ఎక్కేశాయి.

పడవలోకి మనిషిని పక్కనుంచి లాగకూడదు, వెనకనుంచి లాగాలి. ఆ మాట అందరికీ గొప్పగా చెబుతుండేవాణ్ణి, చెయ్యడం మాత్రం అదే మొదటిసారి. తడిసిన చీరలో మనిషి ఎంత బరువుంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ముసలావిడ నా మణికట్టు పట్టుకున్న పట్టుకి గోళ్ళు దిగాయి. కింద నుంచి ఆవిడ నడుము పట్టుకుని పైకెత్తింది కొడుకే. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నీళ్ళు అతని ఛాతీ దాకా ఉన్నాయి, కాళ్ళు నేలకి ఆనాయి. తరవాత భార్యని ఎత్తి ఇచ్చాడు. ఆమె బాగా నీళ్ళు తాగేసింది. పడవలో బోర్లా పడుకోబెట్టి మాస్టారు వీపు నొక్కుతుంటే కక్కుకుంటోంది. ముసలావిడ కోడలి మీద పడి గొంతెత్తి ఏడుస్తోంది. దోనె మనిషికి తలకి దెబ్బ తగిలి చెవి పక్కన రక్తం కారుతోంది. అతన్నీ ఎక్కించాం. దాంతో పడవ అంచుకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం మిగిలింది.

నీళ్ళల్లో మిగిలింది అతనొక్కడే. నిలకడగా నిలబడి ఉన్నాడు. భయం కూడా లేదు. పదిహేను గజాల అవతల గట్టు కనపడుతోంది.

"ఏవండీ, ఇంకొకరిని ఎక్కిస్తే అందరం మునిగిపోతాం. మీరు నెమ్మదిగా నడిచి ఆ గట్టెక్కి కూర్చోండి. వీళ్ళని రేవులో దింపేసి వచ్చేస్తాం" అన్నాను.

"అలాగేనండి. అమ్మ జాగ్రత్తండి" అన్నాడు.

చేపల చెరువుకి గట్టు వేసే మట్టి ఎక్కడినుంచో లారీల్లో రాదు. గట్టు మొదలు దగ్గరే తవ్వి అక్కడే పోస్తారు. అందుకే చెరువంతా ఛాతీలోతు ఉన్నా, గట్టు పక్కన మనిషికి రెండింతలు లోతున గుంట ఉంటుంది. ఇది ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. దెందులూరులో మా మేనమామ చెరువు తవ్వించినప్పుడు పొక్లెయిన్ పక్కన గొడుగేసుకుని నిలబడి అజమాయిషీ చేసినవాణ్ణి, నాకు తెలియదని ఎలా అంటాను. తెలిసీ ఆ నిమిషంలో తోచలేదు. మెట్ట మనిషికి తెలిసే అవకాశమే లేదు. ఉన్నచోటే నిలబడండి అంటే సరిపోయేది.

బరకం దించేసి తెడ్లు వేసుకుంటూ బయల్దేరాం. కాసేపటికి అతని భార్య తల ఎత్తి, "ఎక్కేశారా అండీ?" అని అడిగింది. వెనక్కి చూశాను. రెల్లుగడ్డి అడ్డం.

"ఎక్కేసుంటారమ్మా" అన్నాను.

తిరిగి వెళ్ళేసరికి అరగంట పట్టింది. గట్టు మీద ఎవరూ లేరు. ఒడ్డున బురద నున్నగా ఉంది, ఒక్క అడుగు గుర్తు లేదు. అది చూడగానే మాస్టారు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. మా తోడల్లుడు నీళ్ళల్లోకి దిగబోతే నేనే చొక్కా పట్టుకుని ఆపాను.

మధ్యాహ్నం వలలవాళ్ళు వచ్చి గుంటలోంచి అతన్ని తీశారు. ఒంటికి నాచు చుట్టుకుని ఉంది. అతని చేతులు గట్టు మట్టిని పీకినట్టున్నాయి, గోళ్ళ నిండా నల్ల బంకమన్ను. దోనె మనిషి తలకి గుడ్డ కట్టుకుని రేవులో కూర్చున్నాడు. నువ్వు పడవలోనే ఉన్నావు, విన్నావు, ఒక్క మాట చెప్పలేకపోయావా అని అడిగాను.

"మీరు పెద్దవారు, ఎప్పుడూ తిరిగేవారు కదండీ. తెలిసే చెప్పారనుకున్నాను" అన్నాడు.

పోలీసు స్టేషన్లో జరిగింది చెప్పమన్నారు. ఆయనే నడిచి వెళ్తానన్నాడండి, అన్నాను. అంతకు ముందు దాన్ని మనసులో అల్లుకోలేదు. గూడబాతు గుడ్డు ఎలా వచ్చిందో అలాగే నోట్లోకి వచ్చేసింది. మాస్టారు నా మొహం చూశాడు. దోనె మనిషి నేల చూశాడు. ఎవరూ కాదనలేదు.

ఆ తరవాత అది పెరిగింది. ఊళ్ళో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే పెద్దమనుషులంతా కలిసి మా ముగ్గురికీ శాలువాలు కప్పారు. ముగ్గురి ప్రాణాలు కాపాడారన్నారు. మైకు ఇస్తే నేను మాట్లాడాను. వద్దండీ, వద్దండీ అని దణ్ణం పెట్టి చెప్పాననీ, ఆయన నవ్వి మాకేం ఫర్లేదండీ అని వెళ్ళాడనీ చెప్పాను. ఇన్నేళ్ళలో నా కథల్లో అందరూ పూర్తిగా నమ్మింది అదొక్కటే. మాస్టారు శాలువా కుర్చీలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ముసలావిడ మాత్రం వారం వారం ఫోన్ చేసేది. నాయనా, భోజనం చేశావా అని అడిగేది. నీ చెయ్యి పట్టుకుని బతికాను, నువ్వూ నాకు కొడుకువే అనేది. ఆ ఫోన్ వస్తుందని ఆదివారాలు ఏదో ఒక పని పెట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆరు నెలలు గడిచాక కోడలు చేసింది. ఒకసారి రమ్మంది, ఎందుకో చెప్పలేదు.

వెళ్ళాను. పామాయిల్ తోట పక్కన రెండు గదుల ఇల్లు. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. గోడకి అతని ఫోటో లేదు. మేకు ఉంది.

నేను చూడడం ఆమె చూసింది. తీసి పెట్టెలో పడేశానండి, అంది. ఊళ్ళోవాళ్ళు దండ వెయ్యలేదేమని అడుగుతున్నారట. మీరు దణ్ణం పెట్టి వద్దంటే కూడా వెళ్ళాడంట కదా, అంత పొగరు దేనికండీ, ఇంటికొచ్చేటప్పుడు నన్నూ వాళ్ళమ్మనీ ఒక్క క్షణం తలుచుకోలేదా, అంది. ఏడవలేదు. అది ఏడుపు దాటిపోయిన కోపం. ఆ మాటలన్నీ నేను మైకులో చెప్పినవే.

"ఆ కక్కులో నాకేం వినపడలేదు. ఆయన వెళ్ళేముందు ఏవన్నారో ఉన్నదున్నట్టు చెబుతారని రమ్మన్నానండి" అంది.

చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"నేనే నడవమన్నానమ్మా. ఆయన అలాగేనండి అన్నారు. అమ్మ జాగ్రత్తండి అన్నారు. అంతే."

 కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. ఫోటోని పైట చెంగుతో తుడుచుకుంటూ వచ్చి, మేకుకి తగిలించి, వంకర సరిచేసింది. అప్పుడు ఏడ్చింది, గోడ వైపు తిరిగే.

తరవాత మొహం తుడుచుకుని పెరటి తలుపు తీసింది. ముసలావిడ ఎండలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"అత్తయ్యా, పడవాయన వచ్చారు" అంది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఆవిడకి కూడా మీరే చెప్పండి. నేను చెప్పలేను" అంది.

ముసలావిడ చేతులు చీరకి తుడుచుకుంటూ, నాయనా రా, ఇలా కూర్చో అని పక్కన చోటు చూపించింది. వెళ్ళి కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకుని, చిక్కిపోయావేంటి అంది.