అహ్మద్ అలీ పైపు కోసిన రోజు

కంటి ఆపరేషన్ అయిన నలభై రోజులకు అహ్మద్ అలీ షెడ్డు తాళం తీశాడు. కొత్తకోటలో హైవే పక్కనున్న ఆ రేకుల షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఆపరేషన్‌కు ముందు ఏడాది మాత్రం చేసిన బండ్లలో సగం మళ్లీ గుమ్మం తొక్కాయి. ఒకదానికి వాషరు మరిచాడు, ఇంకోదానికి బోల్టు వంకరగా ఎక్కించాడు. కన్ను మసకబారిందని అతనికంటే ముందు ఊరివాళ్లకే తెలిసింది.

కొడుకు ఇమ్రాన్ ఆ జాగాలో ఏసీల రిపేరు దుకాణం పెడతానంటున్నాడు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఒక్క బండి చెయ్యాలి. అది వెనక్కి రాకపోతే షెడ్డు అహ్మద్ అలీదే. వస్తే ఇమ్రాన్‌ది.

ఆ ఒక్క బండి గోపయ్యదయింది. గొర్లు కాసే గోపయ్య పద్దెనిమిదేళ్ల పాత డీజిల్ కారు కొని, వెనక సీటు పీకేసి, సంతకు గొర్రెపిల్లలను తోలుతుంటాడు. ఆ పొద్దున కారును అల్లుడి ట్రాక్టరుకు తాడుతో కట్టి తెచ్చాడు.

“ఒక్క సెల్ఫుకే లేస్తది భాయ్. మూల మలుపు దాటంగనే గొంతు పట్టినట్టు బందైతది.”

“నీ గొర్ల వాసనకు దానికి ఊపిరాడతలేదు గోపన్నా.”

“నాకు ఆడుతాంది గదా, దానికేమైంది?”

అహ్మద్ అలీ నవ్వుతూ బానెట్ లేపాడు. డీజిల్ తెచ్చే రబ్బరు పైపు, ఇనుప పైపు కలిసేచోట కంపెనీవాళ్లు మిషనుతో నొక్కి బిగించిన రింగు ఉంది. దాని కింద రబ్బరు ఎండి పగిలింది. ఆ సందులోంచి గాలి దూరుతోంది. అలాంటి పైపు ఇప్పుడు ఎక్కడా దొరకదు. రింగును నిలువునా కోసి, పాత రబ్బరు తీసేసి, కొత్త పైపు తొడిగి క్లిప్పులు బిగించాలి. చిక్కంతా కోతలోనే. ఇనుము కోసే ఆక్సాబ్లేడు రింగు దాటి ఇనుప పైపును గీరిందో, ఆ గీత వెంటే మళ్లీ గాలి దూరుతుంది.

“అబ్బా, లైటు పట్టనా?” అన్నాడు ఇమ్రాన్, తండ్రి భుజం మీదుగా వంగి.

“నీ నీడే పడుతాంది. జర జరుగు.”

బ్లేడు ఆడుతుంటే చప్పుడు మొదట మందంగా వచ్చింది. రింగు పలచబడేసరికి సన్నగా మారింది. అక్కడ ఆపి స్క్రూడ్రైవరుతో మెలితిప్పితే రింగు పల్లికాయ పొట్టులా విచ్చుకుంది. ఇనుప పైపును గోటితో తడిమాడు. ఎక్కడా గీత లేదు. కొత్త పైపు తొడిగి, చేతి పంపుతో గాలి తీసి గోపయ్యను తాళం తిప్పమన్నాడు. ఇంజన్ లేచింది. నాలుగు నిమిషాలు నడిచి, దగ్గి, ఆగిపోయింది.



“పోనియ్ భాయ్,” అన్నాడు గోపయ్య మెల్లగా. “పెబ్బేరుల ఇంకో మేస్త్రికి సూపిస్త.”

అతను తిట్టినా బాగుండేదనిపించింది అహ్మద్ అలీకి. ఇమ్రాన్ నేలకేసి చూస్తున్నాడు.

అహ్మద్ అలీ పైపు మధ్యలో లోపలిది కనబడే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి పంపు కొట్టాడు. అందులో బుడగలు కనిపించాయి. అవి ట్యాంకు వైపు నుంచి వస్తున్నాయి. గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. ట్యాంకు దగ్గర చేతికి మెత్తటి గడ్డ తగిలింది. సైకిల్ ట్యూబు పేలిక, చుట్టలు చుట్టలుగా.

“గోపన్నా, గిదేంది?”

“అదా? పోయిన నెల ఆడ తడి కనబడ్డది. బోరు పైపుకు సుట్టినట్టు సుట్టిన. మళ్ల సుక్క కారలే.”

“నాకెందుకు చెప్పలే?”

“కారుతలేదు గదా, ఏం చెప్పాలె?”

కారు కిందినుంచి నవ్వు వినిపించింది. “బోరు పైపు నీళ్లను బయటికి తోస్తది, పగిలితే కారుతది. గిది లోపలికి గుంజుతది. సుక్క కారకుంటనే గాలి తాగుతది. ట్యూబు రబ్బరైతే డీజిల్ల నాని బూరె లెక్క ఉబ్బుతది.”

పేలిక విప్పితే దాని కింద కూడా నొక్కిన రింగే ఉంది. రబ్బరు అక్కడా పగిలింది. వెల్లకిలా పడుకుని బ్లేడు ఆడిస్తుంటే తుప్పు మొహం మీద రాలుతోంది. కంట్లో దుమ్ము పడొద్దని డాక్టరు ముందే చెప్పాడు. అహ్మద్ అలీ రెండు కళ్లూ మూసుకున్నాడు. లైటు పట్టుకుని వంగిన ఇమ్రాన్ అది చూసి ఏదో అనబోయాడు. అంతలో బ్లేడు చప్పుడు సన్నబడింది, చెయ్యి ఆగింది.

అక్కడా కొత్త పైపు తొడిగి క్లిప్పులు బిగించాడు. ఈసారి ఇంజన్ ఆగలేదు.

“పెబ్బేరు దాకా పో. మళ్ల బందైతే వెనక్కి గుంజుకరా,” అన్నాడు అహ్మద్ అలీ.

కారు వెళ్లాక తండ్రీ కొడుకూ స్టూళ్ల మీద కూర్చున్నారు. రోడ్డు మీద వచ్చే ప్రతి ట్రాక్టరు వెనకా తాడు ఉందేమోనని ఇద్దరూ తలెత్తి చూశారు. గంటన్నరకు ఫోన్ మోగింది. అహ్మద్ అలీ స్పీకరు పెట్టాడు.

“భాయ్, నేను మర్లి వస్తలేను. సంతల కొన్న గొర్రెపిల్లల్ని ఎక్కించుకొని ఇంటికి పోతున్న. ఈడ శ్రీశైలం అని ఒకడు నీ షెడ్డు ఏడ అని అడుగుతుండు. ఆయన జీపు గిట్లనే బందైతదట.”

ఇమ్రాన్ అంతా విన్నాడు. “ఏసీలకు బస్టాండు దిక్కు జాగా సూస్త అబ్బా,” అన్నాడు.

అహ్మద్ అలీ సరేనన్నట్టు తలూపి, ఫోన్ దగ్గరకు తెచ్చుకున్నాడు. “తొమ్మిదింటికి తెమ్మను గోపన్నా. శుక్కురారమైతే నమాజు దాకనే ఉంట, ముందే చెప్పు.”