రెండు చక్రాలూ లేపి లెక్కపెట్టిన పొద్దు

మొన్న మా మనవరాలి కొత్త కారులో జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోతూ ఉంటే, ముద్దనూరు కొండ ఎక్కుడు మొదలయ్యే మలుపు దగ్గర నా కాళ్ళు రెండూ వాటంతట అవే బిగుసుకుపోయాయి. కారేమో గేర్లు తనే మార్చుకుంటూ చప్పుడు లేకుండా ఎక్కేసింది. తోలుతున్న పిల్లకు అక్కడ ఒక ఎక్కుడు ఉందన్న సంగతే తెలిసినట్టు లేదు. మన ఈడు వాళ్ళకు మాత్రం చెప్పనక్కర లేదు, ఏ ఎక్కుడులో ఏ బండి మొరాయించేదో ఇప్పటికీ మరిచిపోలేదు కదా.

మా ఆయనకు అప్పట్లో ఒక పాత జీపు ఉండేది. వెనక చక్రాలకు మాత్రమే లాగుడు. రోజూ జమ్మలమడుగులో జనాన్ని ఎక్కించుకుని పులివెందులలో దింపి వస్తేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఒక ఎండాకాలం దాని గేర్‌బాక్సు పళ్ళు రాలిపోతే, అలాంటిది దొరక్క, ప్రొద్దుటూరు పాత సామాన్ల కొట్టులో వేరే బండిది, అయిదు గేర్లది తెచ్చి, మా వీధి మెకానిక్ చేత బిగించుకున్నాడు. చదునులో అది వెన్న మీద జారినట్టు పోయింది. ఎక్కుడు సగానికి రాగానే మొదటి గేరులో కూడా ఆయాసపడి, ఆగి, వెనక్కి జారింది. జనం దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారట. చంకలో కోడిపెట్టతో ఉన్న ఒక అవ్వ, "నీ జీపు కంటే నా కోడే ముందు ఎక్కేసుండేది గదప్పా!" అన్నదట.

అప్పుడు చెప్పాడు మెకానిక్. బండి బలం గేర్‌బాక్సులో సగమైతే వెనక ఇరుసులో సగమంట. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే, బాక్సు నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూడాలి. ఎన్ని ఎక్కువైతే లాగుడు అంత ఎక్కువ, పరుగు అంత తక్కువ. కొత్త బాక్సు మొదటి గేరుకు పాతదానంత బలం లేదు, దాని సొంత బండిలో ఆ కొరతను ఇరుసు తీర్చేది. మా పుట్టింట్లో మగ్గాలు ఉండేవి, ఏడేళ్ళకే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టినదాన్ని. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగేసరికి కదురు ఎన్నిసార్లు తిరుగుతుందో నా చేతికే తెలుసు. అందుకే ఆ మాట నాకు చప్పున అర్థమైంది.

మా ఆయనకేమో అన్నీ తొందరే. ఒక వెనక చక్రాన్ని జాకీ పెట్టి లేపి, ఒక్క చుట్టు తిప్పి, షాఫ్టు రెండు చుట్లని తేల్చుకుని, అంతకంటే ఎక్కువ చుట్ల ఇరుసు కోసం ప్రొద్దుటూరుకు పరుగెత్తాడు. కొట్టాయన పడీ పడీ నవ్వి, "రెండు చుట్లేందప్పా? అది జీపు ఇరుసా, ఎద్దులబండి ఇరుసా?" అన్నాడట. ఆ నవ్వు మా ఆయనను కోసేసింది. ఇంటికొచ్చి కంచం ముందు కూడా కూర్చోకుండా, "ఇంగ ఇది మనతో కాదుమే. జీపు అమ్మేసి బెంగుళూరు పోతా, ఎవురి కారన్నా తోలుకుంటా" అన్నాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ, జాకీ మీదే ఉన్న ఆ చక్రాన్ని ఊరికే తిప్పి చూశాను. అవతలి చక్రం నేల మీద కదలకుండా కూర్చుని ఉంది. అది తిరగకపోతే దాని వంతు కూడా ఇదే తిరుగుతోందేమో, అందుకే షాఫ్టు లెక్క సగమే వచ్చిందేమో అనిపించింది. మెకానిక్‌ను పిలిపించి, "ఒక్కటే లేపితే లెక్క యాడ కుదురుతాది? ఆ పక్కది గూడా లేపు" అన్నాను. "మా వదిన ఇంగ మెకానిక్ షెడ్డు పెడ్తాది" అని ఎగతాళి చేస్తూనే లేపాడు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, టైరు మీదా షాఫ్టు మీదా ముగ్గుపిండితో గుర్తులు గీశాను. మా ఆయన ఒక చక్రం, మెకానిక్ ఒక చక్రం, ఇద్దరూ కలిసి ఒక్క చుట్టు తిప్పారు. షాఫ్టు మీద తెల్లగీత ఒకటి, రెండు, మూడు, నాలుగోది కాస్త తక్కువగా వచ్చి ఆగింది.

"ఏం వదినా, నా కడుపు మీద కొట్నావే!" అన్నాడు మెకానిక్. ఈసారి ఆ లెక్క పట్టుకుని ప్రొద్దుటూరు పోతే, ఆ బాక్సు సొంత బండి ఇరుసు ఇంకా ఆ కొట్టులోనే ఉంది. మాదానికి నాలుగు చుట్లయితే దానికి అయిదు చుట్ల పైచిలుకు. దాన్నే తెచ్చి, కాస్త వెల్డింగు చేసి కూర్చోబెట్టారు. బిగించిన రోజు సాయంత్రం నేను పక్కన కూర్చున్నాను. ఎక్కుడు మొదలైంది, సగమైంది, జీపు గొణుక్కుంటూ గొణుక్కుంటూ పైకి చేరింది. ఆయన బండి ఆపి, దిగి, చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. బెంగుళూరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరువాత జీపు చదునులో కాస్త అరిచేది, మీటరు లెక్కపెట్టేది షాఫ్టు చుట్లనే కాబట్టి అది కూడా ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపించేది. పాపం జనం, ఎంత వేగంగా పోతున్నామో అని మురిసిపోయేవాళ్ళు.

మొన్న కారులో ముందు సీటులో ఉన్న మా ఆయన ఎడమచేయి కూడా ఎక్కుడు దగ్గర గేరు కోసం గాలిలో లేచింది. పైకి చేరాక వెనక్కి తిరిగి నావైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. "ఏసీ ఎక్కువైందా అవ్వా?" అని అడిగింది మనవరాలు. అంత హాయిగా తోలుకుంటున్న పిల్లకు ఏమని చెప్పను? కొంచెం తగ్గించమన్నాను.