ఆమె వదిలిన మార్జిన్

పులివెందుల డిగ్రీ కాలేజీలో నాతో చదివిన లింగాల ఊరి అమ్మాయి ఏ సబ్జెక్టు నోట్సు రాసినా, పేజీకి కుడిపక్క నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలేది. పరీక్షల ముందు నాకిస్తూ, "ఈడ నీకర్థమైంది రాసుకోప్పా" అనేది.

నేను వాటిని తిరిగియ్యలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో లెక్చరర్ని. ఆ నోట్సునే జిరాక్సు తీయించి, అట్టమీద నా పేరేసుకుని పిల్లలకిస్తాండా. నా రాత వేరని పట్టేస్తారేమోనని బోర్డు మీద ఎక్కువ రాయను.

మొన్న తన కూతుర్ని మా కాలేజీలో చేర్పించేదానికి ఆమె వచ్చింది. బల్లమీది నోట్సు తీసి, అట్టమీద నా పేరు చదివి, లోపల తన రాత చూసుకుంటా పేజీలు తిప్పింది. తిడితే బాగుండుననిపించింది. ఆమె మాత్రం ఆ ఖాళీ మీద వేలు పెట్టి, శానా మెల్లగా అడిగింది.

"ఇన్నేండ్లకూ ఈడ నీది ఒక్క ముక్కా లేదేందప్పా?"