ఎల్లరాయికి ఏ పక్క నా తల

మొన్న మదనపల్లెలో మా అన్న కొడుకు ఇంట్లో కూర్చొని ఉప్మా తింటా ఉంటే, వాడు ఫోను నా ముందర పెట్టి ఒక వీడియో చూపించినాడు. ఎవరో చిన్నపిల్ల, కండ్లకు నల్లద్దాలు, సైకిలు వెనకాల మడిచి కట్టిన గుడారం, కత్తెర ఎండల్లో ఒక్కతే మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా తొక్కిందంట, రాత్రిళ్ళు దోవలో గుడారం వేసుకొని పడుకుందంట. చక్కగా ఉంది, చల్లగా ఉండాల ఆ బిడ్డ. అంతటితో ఊరుకోకుండా మావాడు, మన వైపు ఆడోళ్ళల్లో ఇట్లాంటి పని చేసినోళ్ళు ఇంతకుముందు లేనే లేరంట అత్తా, ఈ పిల్లే మొదలంట, అన్నాడు. నాకు ఉప్మా గొంతులో అడ్డం పడింది. నువ్వు పుట్టకముందే నేను పోయినాను కదరా, అన్నాను. వాడు నవ్వినాడు, కోడలు నవ్వింది, నువ్వు బస్సులో పోయింటావులే అత్తా అని నా గ్లాసులో ఇంకొంచెం కాఫీ పోసింది. ఆ నవ్వులకు ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను ఇదంతా. నా ఈడు వాళ్ళు చదివితే చాలు, మిగతావాళ్ళు నవ్వుకోనీ.

అప్పుడు నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరును. నాయన పోయినాక ఇంటికి పెద్ద మా అన్నే, నా ఉద్యోగానికి సంతకం పెట్టింది ఆయనే, కాబట్టి దాన్ని మాన్పించే హక్కు కూడా తనదేనని ఆయన గట్టి నమ్మకం. ప్రతి ఎండాకాలం సెలవుల్లో మా స్కూల్లోని మగ టీచర్లు నలుగురైదుగురు స్కౌట్ల గుడారాలు సైకిళ్ళకు కట్టుకొని కుప్పం దిక్కుగా పోయేవాళ్ళు, వచ్చి జూన్ నెలంతా స్టాఫు రూములో అదే కథ, ఆ కొండ ఎక్కినాము, ఈ ఏట్లో మునిగినాము అని. ఒక ఏడు నేను కూడా వస్తానంటే, మీరొస్తే మాకు కాపలా పని ఎక్కువవుతుంది టీచరమ్మా అన్నారు. కాపలా అంట! వాళ్ళల్లో ఇద్దరికి సైకిలు టైరులో గాలి తగ్గితే కొట్టుకోవడం చేతకాదు, నేనే కొట్టి పంపేదాన్ని. మీ తోడు వద్దు, మీ కాపలా వద్దు, నేనొక్కదాన్నే పోయి వస్తా అని స్కూలు సామాన్ల గదిలోనుంచి ఖాకీ గుడారం ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టినాను.

మా అన్న అరవలేదు, అరిచింటే బాగుండేది. నిదానంగా ఒక షరతు పెట్టినాడు. కుప్పంలో పిన్నమ్మ ఇంటి దాకా పోయి ఆదివారం పొద్దు గూకేలోపల నీ అంతట నువ్వు తిరిగి రావాల, దోవలో ఎవరి సాయమైనా తీసుకున్నా, నేను బస్సెక్కి వచ్చి నిన్ను పిలుచుకొని రావలసి వచ్చినా, ఆ సైకిలు అమ్మేస్తా, స్కూలుకు రాజీనామా రాయిస్తా, అన్నాడు. మా అమ్మ పొయ్యికాడ కూర్చొని అంతా విని, చెనిక్కాయల పొడి పొట్లం కట్టి ఇచ్చింది. నేను సరే అన్నాను. అనక ఏం చేస్తాను, ఉక్రోషం నెత్తికెక్కి ఉంది.

పుంగనూరు దాటేదాకా రోడ్డు బాగానే ఉండింది, చింతమాన్ల నీడ తోడుగా వచ్చింది. మా వైపు పొట్టి ఆవులు మీకు తెలుసు కదా, రోడ్డు మధ్యలో పిల్లల మాదిరి నిలబడి మనల్ని చూస్తాయి గానీ పక్కకు తొలగవు. వాటితో నాకు పేచీ లేదు, పేచీ అంతా మనుషులతోనే. నీళ్ళు అడగడానికి ఏ ఇంటి ముందర ఆగినా మొదటి మాట ఒకటే, మొగోళ్ళు ఎవురూ రాలేదా అమ్మా? కుప్పం దగ్గరయ్యే కొద్దీ ఆ మాటే సగం తమిళంలో, సగం కన్నడంలో అడుగుతారు, ఒకే వాక్యంలో మూడు భాషలు కలిపి మాట్లాడే నేర్పు ఆ ఎల్ల ఊర్లకు తప్ప ఎవరికుంది చెప్పండి, కానీ మూడు భాషల్లోనూ వాళ్ళు అడిగేది ఆ మొగోణ్ణే. మొదట్లో మర్యాదగా బదులు చెప్పేదాన్ని, ఎండ ముదిరే కొద్దీ, వెనకాల వస్తాండారు, మీరే చూసి నీళ్ళు పోయండి అనేదాన్ని.

పిన్నమ్మ ఇల్లు చేరినాను, ఒక రాత్రి పడుకున్నాను, ఆమె కాళ్ళకు ఆముదం రాసింది, మరుసటి రోజు తిరుగుదారి పట్టినాను. గొడవ జరిగింది తిరుగుదారిలోనే. పోయిన దోవనే రావడం ఎందుకని కర్ణాటక ఎల్లను ఒరుసుకొని పోయే మట్టిదోవ పట్టినాను. శనివారం పొద్దు గూకే వేళకు ఒక చిన్న ఊరి బయట, ఎల్లరాయి పక్కన గరికనేల చదునుగా కనిపించింది. ఎల్లరాయి అంటే పొలిమేర రాయి, దానికి దక్షిణం పక్క మన ఊరు, ఉత్తరం పక్క కర్ణాటక ఊరు. గుడారం సరిగ్గా రాయికి ఆనించి, సగం ఈ పక్క సగం ఆ పక్క పడేట్టు వేసినాను, నేల ఉత్తరం దిక్కు కొంచెం ఎత్తుగా, దక్షిణం దిక్కు పల్లంగా ఉండింది. తల ఎత్తులో ఉండాల కదా, ఉత్తరానికే తలపెట్టి పడుకున్నాను. ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని నాకు తెలియక కాదు, మా అవ్వ చిన్నప్పుడు ఎన్నిసార్లు మంచం తిప్పించిందో నాకే తెలుసు. కానీ పొద్దంతా తొక్కిన ఒళ్ళు, రక్తం తలకు ఎక్కితే తెల్లారి లేవగలనా? ఉక్కకు తట్టుకోలేక గుడారం ముందరి గుడ్డ ఎత్తి కాళ్ళు బయటికి చాపుకున్నాను. ఊర్లో పలకలు మోగుతా ఉంటే ఎవరిదో పెండ్లి అనుకొని నిద్రపోయినాను.

పెండ్లి కాదు. గంగమ్మ జాతరకు సాటింపు వేసినారు. మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, సాటింపు పడినాక ఆ రాత్రి ఊరి ఎల్లలోపల ఎవరు పడుకున్నా, బంధువు గానీ బిచ్చగాడు గానీ, జాతర అయి అమ్మవారిని సాగనంపేదాకా ఎల్ల దాటి పోకూడదు, దాటితే ఊరికి కీడు. ఆ జాతర బుధవారానికి గానీ అయ్యేది కాదు. తెల్లవారి గొర్రెలు తోలుకొని వచ్చిన ఒక అవ్వ నా కాళ్ళు చూసి, పీనుగ అనుకొని ఒక కేక పెట్టి, కాళ్ళు కదిలేసరికి ఇంకో కేక పెట్టింది. ఆ రెండో కేకకు ఊర్లో మగవాళ్ళంతా వచ్చేసినారు.

ఊరి పెద్దాయన మంచివాడే, ఆ మాట కాదనను. నా ఊరూ, ఉద్యోగమూ, ఇంటికి పెద్ద మా అన్న అనే సంగతీ అడిగి తెలుసుకొని, దండం పెట్టి, మా ఊరి ఆడబిడ్డవనుకో తల్లీ, బుధవారం దాకా ఉండిపో, పక్కూరి వాళ్ళతో మీ అన్నగారికి కబురంపుతాము, వచ్చి పిలుచుకొని పోతాడు, అన్నాడు. మీ అన్న అనే మాట వినపడగానే సైకిలు పోయింది, స్కూలు పోయింది, ఎండలో నిలబెట్టి కసరత్తు చేయించే నా ఆడపిల్లలు పోయినారు, ఇంక నేను వంటింట్లో పొగ ఊదుకుంటా ఉండాల. అట్ల కుదరదు పెద్దాయనా, నేను ఆదివారం ఇంట్లో ఉండాల, అంటే ఈరోజే, అని సైకిలు పట్టుకున్నాను. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు హ్యాండిలు పట్టుకొని నిలబడినారు, బలవంతంగా కాదు, భయంతో. ఇంట్లో చంటిపిల్లలు ఉండారమ్మా, అంటాడొకడు. వాళ్ళ భయం చూస్తే తిట్టబుద్ధి కాలేదు, నా బతుకు చూసుకుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

అప్పుడు పెద్దాయన గుడారాన్నీ రాతినీ ఒకసారి చూసి ఒక తీర్పు చెప్పినాడు, తల యాడుంటే మనిషి ఆడ. తల ఎల్లకు ఆ పక్క ఉండింటే ఈ బిడ్డ మన లెక్కలోకి రాదు, పోవచ్చు. హమ్మయ్య అనుకున్నాను. నా తల ఆ పక్కే ఉండింది కదా! ఆ మాట చెప్పేలోపలే, నన్నడగకుండానే, వాళ్ళల్లో వాళ్ళే తేల్చేసినారు. ఆ పక్క అంటే ఉత్తరం, ఉత్తరానికి తలపెట్టి ఎవురైనా పండుకుంటారా, కాబట్టి ఈ బిడ్డ తల దక్షిణమే, కాబట్టి మన ఊరే. అందరూ తల ఊపినారు. లెక్క అయిపోయింది!

నేను గొంతు చించుకొని చెప్పినాను, అయ్యా, తల నాది, పండుకున్నది నేను, ఉత్తరానికే పెట్టుకున్నాను. సదువుకున్న తల్లి, టీచరమ్మ, అట్ల సేస్తాదా, పోవాలని సెప్తాండాది పాపం, అన్నారు. నేల వాలు చూపించినాను, చూడలేదు. ఇంతలో ఆ అవ్వ గొర్రెల నడుమనుంచి ముందరికొచ్చి, కాళ్ళు మన పక్కే ఉండె, నేను కండ్లారా సూస్తిని కదప్పా, కాళ్ళు ఈ పక్కుంటే తల యాడుంటాది, అనింది. ఇంతకన్నా న్యాయమైన మాట ఇంకేమన్నా ఉందా? నువ్వు ఊరుకో ముసిల్దానా, నీకు కండ్లు యాడ ఆనతాయి, అన్నారు. ఆనకపోతే మరి పొద్దున్నే కేక ఎట్ల పెట్టిందంట? నేనదే అడిగినాను. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే ఆడది ఏడ్చింది అంటారని పండ్లు బిగబట్టి నిలబడినాను. పొద్దు ఎక్కతా ఉంది, మదనపల్లె ఇంకా అంత దూరం ఉంది.

అప్పుడు రాతికి అవతల, కర్ణాటక పక్క, పెద్ద మీసాల ఒకాయన తాడు చేతిలో పట్టుకొని వచ్చినాడు. దూడ తప్పిపోయిందంట, వెతుక్కుంటా వచ్చి ఈ గుంపు చూసి నిలబడినాడు. ఏమిటి సంగతని అడిగితే వీళ్ళు చెప్పినారు. ఆయన గుడారం దిక్కు చూడనైనా చూడకుండా, తలె ఈ కడెనే ఇత్తప్పా, అన్నాడు, తల ఈ పక్కే ఉండిందని. అంతే. ఓహో, ఆయన సూసినాడంట, అట్లయితే సరే, అన్నాడు పెద్దాయన. హ్యాండిలు మీద చేతులన్నీ ఒక్కసారిగా లేచిపోయినాయి. ఇద్దరు కలిసి నా గుడారం మడిచినారు, ఒకాయన టైరు కూడా నొక్కి చూసినాడు.

నాకు సంతోషం రావాల కదా? రాలేదు. ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఆయన చూసిందేమీ లేదని నాకు తెలుసు. రాయి దాటి ఆ పక్కకు పోయినాక ఆయన్నే అడిగినాను, అన్నా, నువ్వు నిజంగా చూసినావా అని. యాడ చూస్తినమ్మా, ఆ గుంపు దోవకు అడ్డముండాది, నా దూడ దొరకల్ల కదా, అని చేయి ఊపుతా పోయినాడు. చూసిన అవ్వ మాట చెల్లలేదు, పడుకున్న నా మాట చెల్లలేదు, చూడనే చూడని మీసాలాయన మాట మాత్రం గంగమ్మకు కూడా సరిపోయింది.

అవ్వ ఎల్ల దాటకూడదు కదా, రాయి దగ్గర నిలబడి అంబలి చెంబు చేయి చాపి నాకు అందించింది. నా ముఖం చూసి నవ్వింది. ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పటినుంచీ నా మాట ఎవురూ ఇన్లేదు తల్లీ, నువ్వు ఒక పూటకే ఇట్ల ఉడుక్కుంటే ఎట్ట, తాగి పో, అనింది. ఆ అంబలి రుచి ఏమిటో నాకు తెలియదు, గటగటా తాగేసినాను. చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె చేయి పట్టుకొని ఒక నిమిషం వదలలేదు. పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ అదొక బాధ.

మదనపల్లెలో మా ఇంటి ముందర దిగేసరికి ఇంకా వెలుతురు ఉంది. అన్న అరుగు మీదే ఉన్నాడు. కాళ్ళు కడుక్కోకముందే ఏ బస్సు పైన వేసినావు సైకిలు, అన్నాడు. తొక్కినాను అన్నా. నవ్వినాడు. ఎల్లరాయి కథంతా చెప్పినాను, బాగా కల్పించినావు, అన్నాడు. పిన్నమ్మ తరువాత వచ్చినప్పుడు, నా కండ్లముందరే తొక్కుకొని వచ్చింది, తొక్కుకొనే పోయింది నాయనా, అంటే, మీ ఆడోళ్ళు ఆడోళ్ళు ఒకటే, అన్నాడు. షరతు తప్పినట్టు రుజువు కూడా లేదు కాబట్టి ఉద్యోగం మాన్పించలేదు, అది కూడా నామీద దయ చూపించినట్టే మాట్లాడేవాడు. ఆ స్కూల్లో నేను రిటైరయ్యేదాకా చేసినాను, ఎంతమంది ఆడపిల్లలకు సైకిలు నేర్పించినానో. మా అన్న మాత్రం పోయేదాకా నమ్మలేదు. ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా, నర్సుతో, ఇది నా చెల్లెలు, సైకిలు మీద కుప్పం పోయి వచ్చిందంట, అని కన్ను కొట్టినాడు. నేను ఆయన దుప్పటి సర్ది బయటికి వచ్చేసినాను.

ఆ ఊరి పక్కగా ఈమధ్య కారులో పోయినాను. జాతర ఇప్పటికీ చేస్తారంట, సాటింపు వేస్తారంట, కానీ సోమవారం పొద్దున్నే సగం ఊరు బెంగుళూరు ఉద్యోగాలకు ఎల్ల దాటి పోతుందంట, అమ్మ ఏమీ అనుకోదులే అంటారంట. మంచిదే. నన్ను ఆపినారని అంత కోపగించుకున్నదాన్ని, ఇప్పుడు అక్కడ ఎవరూ ఎవరినీ ఉండిపొమ్మని హ్యాండిలు పట్టుకోరని వింటే ఎందుకో మనసు బరువైంది.

మొన్న ఆ వీడియో చూసినప్పుడు ఈ కథంతా మా అన్న కొడుకుకు మొదటినుంచి చెప్పినాను. మొదట నవ్వినాడు గానీ వాడు మా అన్న మాదిరి ఎగతాళి మనిషి కాదు, చెవిపెట్టి విన్నాడు, అబ్బా అన్నాడు, అంబలి ఇచ్చిన అవ్వ మాట చెప్పేటప్పుడు కండ్లు తుడుచుకున్నాడు కూడా. అంతా విని ఫోను చేతిలోకి తీసుకొని, బాగుంది అత్తా, దీన్ని పెడితే అందరూ చూస్తారు, ఫోటో ఏమన్నా ఉండాదా, లేకుంటే ఎవురూ నమ్మరు, అన్నాడు. అప్పట్లో మగోడి సాక్ష్యం అడిగినారు, ఇప్పుడు ఫోటో అడుగుతున్నారు. నువ్వు చెప్పినావు కదమ్మా, చాలు, అనే మనిషి కోసం నేను ఇంకా చూస్తానే ఉన్నాను.