పీట మీద హార్డ్ డిస్కు

మా వదినగారు పోయారు. కొడుకుని చూసొస్తానని రాజమండ్రి వెళ్ళారు. అక్కడ ఓ పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండెలో నొప్పిగా ఉందన్నారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. "బాబాయ్, అమ్మ..." అని ఫోనొచ్చినప్పుడు నేను భీమవరంలో ఆవిడ గదిలోనే, ఆవిడ ఫ్యాను కిందే, ఆవిడ కంప్యూటర్‌కి కాపలా కూర్చుని ఉన్నాను. "రెండ్రోజుల్లో వచ్చేస్తాను మరిదిగారూ. ఏం చేసినా చెయ్యండి గానీ దీన్ని మాత్రం ఆపకండి" అని తాళం నా చేతిలో పెట్టి బస్సెక్కిన మనిషి. ఫోను పెట్టేశాక నాకు ఏం చెయ్యాలో తోచక కంప్యూటర్ వంక చూశాను. అది యథాప్రకారం గుర్రుమంటూ నడుస్తోంది. దానికి ఎవరూ చెప్పలేదు కదా.

ఆవిడ ఎవరో తెలియని వాళ్ళకి ఒక మాట. మీ పెళ్ళి ఈ చుట్టుపక్కల, పెళ్ళి వీడియోలు కొత్తగా కంప్యూటర్ ఎక్కిన రోజుల్లో జరిగి ఉంటే, మీ తలంబ్రాలూ, అప్పగింతల్లో మీ అమ్మగారి ఏడుపూ ఆవిడ చేతుల మీదుగానే మీ ఇంటికి చేరి ఉంటాయి. తీసేది మా అన్నయ్య. ఆయన పక్కన నిలబడి లైటు పట్టుకునేదీ, ఇంటికొచ్చాక ఆ ముక్కలన్నీ కోసి అతికేదీ వదినగారు. మగవాళ్ళ గడియారం ఒకటి పెట్టుకుని, దాని ముఖం మణికట్టు లోపలి వైపుకి తిప్పుకునేవారు. చేతులు కీబోర్డు మీద ఉండగానే టైము కనబడాలట. అన్నయ్య పోయాక కెమెరా అమ్మేశారు. కంప్యూటర్ మాత్రం ఉంచేశారు.

ఆ కంప్యూటర్ సంగతి చెప్పాలి. లోపల ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. తెర మీద పచ్చటి గుట్టా, నీలం ఆకాశమూ ఉంటాయే, అది. "జంగారెడ్డిగూడెం దారి ఆయిల్ పామ్ వెయ్యకముందు అచ్చం ఇలాగే ఉండేది" అనేవారు. నేనా దారిలో చాలాసార్లు వెళ్ళాను, అలాంటి గుట్ట నాకెక్కడా కనబడలేదు. ఆ మాట అంటే, "మీరు బస్సెక్కగానే నిద్రపోతారు కదండీ" అనేవారు. పాత పెళ్ళిళ్ళు ఆ మిషను మీదే తెరుచుకుంటాయి, కొత్తవాటికి అర్థం కావు. ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ఇన్వర్టర్ పెట్టి, ఏళ్ళ తరబడి ఆపకుండా నడిపించారు. పెళ్ళిళ్ళేమో బీరువా నిండా హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. అంటే ఒక పెళ్ళి తీసి ఇంకో పెళ్ళి పెట్టాలంటే, మిషను నడుస్తుండగానే తియ్యాలి, నడుస్తుండగానే పెట్టాలి. కంప్యూటర్ డొక్కకి రేకు ఎప్పుడో ఊడదీసేశారు. లోపలి నుంచి రెండు తీగలు బయటికి వచ్చి ఉండేవి. పక్కనే చెక్క పీట. దాని మీద మడత పెట్టిన తువ్వాలు. ఆ తువ్వాలు మీద డిస్కు.

మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచిపోయాను. "షాకు కొడుతుందండీ వదినగారూ!"

"కూర్చోండి. వచ్చినవాళ్ళకి మర్యాద చేసినట్టే ఇదీను. ఈ వెడల్పాటి ప్లగ్గు ఉందే, కరెంటు, ఇది అన్నం. ఈ ఎర్ర తీగ మాట. వచ్చినవాళ్ళకి ముందు అన్నం పెట్టాలి, తర్వాతే మాట అడగాలి. పంపేటప్పుడు ముందు మాట చెప్పుకోవాలి, తర్వాతే కంచం తియ్యాలి. అటుదిటు చేశామో, అలిగి పెళ్ళంతా మింగేస్తుంది."

ఎర్ర తీగ తియ్యడానికి ముందు తెర మూల చిన్న గుర్తు నొక్కి సెలవు అడగాలి. ఇక తీసుకోవచ్చు అని బుడగ ఒకటి వస్తుంది. కొత్త డిస్కు పెట్టినప్పుడు ఒక్కోసారి ఎంతసేపటికీ కనబడదు. అప్పుడు లోపలికి వెళ్ళి, కొత్తగా ఎవరొచ్చారో వెతకమని మనమే చెప్పాలి. "ముసలాయన కదండీ, వీధి గుమ్మంలో ఎవరు నిలబడ్డారో కానడు" అనేవారు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆఖరి పని. రెండు తీగలూ తీసేశాక కూడా ఆవిడ డిస్కుని ఎత్తేవారు కాదు. దాని మీద అరచెయ్యి వేసి కూర్చునేవారు. కరెంటు పోయినా లోపల పళ్ళెం కాసేపు తిరుగుతూనే ఉంటుందట. తిరుగుతున్నదాన్ని కదపకూడదు. అది పూర్తిగా ఆగినట్టు చేతికి తెలిశాకే ఎత్తి బీరువాలో పెట్టేవారు.

నేను ఐసు ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి, నాకది వెంటనే అర్థమైంది. ఐసు దిమ్మని డబ్బాలోంచి లాగితే రాదు. బలవంతం చేస్తే పగులుతుంది. డబ్బాని మామూలు నీళ్ళలో ముంచి, దిమ్మ తనంతట తాను వదిలేదాకా ఆగాలి. ఆగలేనివాళ్ళు ఫ్యాక్టరీలో ఎక్కువ రోజులు ఉండేవారు కాదు. రొయ్యల లారీ బయట హారను కొడుతుంటే ఆగడం ఎంత కష్టమో... సరే, అది వేరే కథ. వదినగారు కూడా నన్ను ఇక్కడే ఆపేవారు. "మీ ఐసు కరిగిపోతోంది, అసలు విషయానికి రండి" అని.

డ్రోన్ల కాలం వచ్చాక కొత్త పెళ్ళిళ్ళు ఆవిడ దగ్గరికి రాలేదు. వచ్చేవాళ్ళు ఒకే రకం. ఇంట్లో ఎవరో పోయుంటారు. పెద్దకార్యం దగ్గర పడుతుంటుంది. ఫోటోలుంటాయి గానీ, మనిషి కదులుతుండగా ఇంకోసారి చూడాలనిపిస్తుంది. "ఫలానా పెళ్ళిలో మా నాన్నగారు పడ్డారేమోనండి" అని గుమ్మంలో నిలబడి నసుగుతారు. వాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, డిస్కు తీసి పీట మీద పెట్టేవారు. స్టేజీ జోలికి వెళ్ళేవారు కాదు. నేరుగా భోజనాల దగ్గరికి. "స్టేజీ మీద అందరూ బొమ్మలేనండి. మనిషి మనిషిలా దొరికేది బంతిలోనే" అనేవారు.

ఒకసారి పొరపాటు జరిగింది. ఇలాంటిది మా ఊళ్ళోనే జరుగుతుంది. డిస్కుల మీద ఇంటిపేర్లు రాసి పెట్టేవారు. భీమవరంలో ఒకే ఇంటిపేరు వాళ్ళు వీధికొకరు. భర్త పోయిన ఒక మామ్మగారు మనవరాలితో వచ్చారు. వదినగారు అదే ఇంటిపేరున్న ఇంకొకరి పెళ్ళి పెట్టారు. అదే కల్యాణ మండపం, అవే కుర్చీలు, పట్టుచీరల్లో అలాంటి చుట్టాలే. చాలాసేపు అందరం శ్రద్ధగా చూశాం. అప్పుడు మామ్మగారు ముందుకి వంగారు.

"ఏవమ్మా, మన పెళ్ళిలో పనసపొట్టు కూర వెయ్యలేదు కదా?"

"నువ్వు మర్చిపోయుంటావు మామ్మా."

"పెళ్ళికూతుర్నయినా మర్చిపోతాను గానీ, పనసపొట్టు మర్చిపోతానటే!"

నాకు నవ్వాగలేదు. వదినగారు కంగారుగా సెలవు అడగబోయి, మళ్ళీ ఆగి తెర మీద వేలు పెట్టారు. "ఉండండి. ఈ మూల రెండోసారి గారెలు అడుగుతున్నది మీ ఆయనే కదూ?" ఆయనే. ఆ పెళ్ళికీ పిలిచారు మరి. తర్వాత అసలు డిస్కు పెడితే, తమ ఇంటి పెళ్ళిలో ఆయన కండువా సర్దుకుంటూ తిరుగుతూనే ఉన్నారు, ఒక్కచోట కూర్చున్నది లేదు. పక్కవాళ్ళ పెళ్ళిలో తీరిగ్గా కూర్చుని తిన్నారు. మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ, "డాక్టరు వద్దన్నాడు, అయినా చూడు ఎలా తింటున్నాడో" అని తిడుతూ తిడుతూ మళ్ళీ మళ్ళీ చూశారు.

ఇక నా సంగతి. మా ఆవిడ పోయాక మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేక ఆ గదికి అలవాటు పడ్డాను. కొన్ని రోజులు నేను ఏమీ అడక్కపోయినా, వదినగారు నా ముఖం చూసి లేచి, ఒక డిస్కు తెచ్చి పీట మీద పెట్టేవారు. మా మేనకోడలి పెళ్ళి. బంతిలో మా ఆవిడ కూర్చుని ఉంటుంది. వడ్డించే చేతులు వస్తుంటాయి, పోతుంటాయి. ఒక క్షణం తలెత్తి, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. పైన సన్నాయి పాట వేసేశారు కాబట్టి మాటలు వినబడవు. ఆ వేళ అన్నయ్య కెమెరానీ లైటునీ స్టాండ్ల మీద పెడితే, కెమెరా పక్కనే నిలబడ్డది నేను. అంటే ఆ నవ్వు నాకే. "నన్ను చూసి నవ్వుతోంది చూడండి" అనేవాణ్ణి. "అవునండీ, మిమ్మల్ని చూసే" అనేవారు వదినగారు. తోడికోడళ్ళు ఇద్దరూ ఒకరి మాట ఇంకొకరు తీసేసేవారు కాదు.

రాజమండ్రిలో అన్నీ అయ్యాక, పెద్దకార్యం భీమవరంలోనే అన్నారు. మా అబ్బాయి ఫోను చేశాడు. మా అబ్బాయంటే వదినగారి కొడుకే.

"బాబాయ్, అమ్మ కదులుతున్న వీడియో ఏదైనా ఉందా? ఫోన్లో ఒక్కటీ లేదు. ఎప్పుడు తియ్యబోయినా ఫోను లాక్కుని నన్నే తీసేది."

"బీరువా నిండా ఉన్నాయిరా, దొరక్క ఏం చేస్తుంది" అన్నాను.

మిషనులో మా మేనకోడలి పెళ్ళి డిస్కే ఉంది. ఊరెళ్ళే ముందు నాకోసం పెట్టి వెళ్ళినట్టున్నారు. దాన్ని పక్కన పెట్టాను. అది నాకు కంఠతా వచ్చు కదా. సెలవు అడిగి, ఎర్ర తీగ, తర్వాత కరెంటు. మిషను ఆగలేదు. మిగతా చుట్టాల పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే పెట్టాను. అన్నం, మాట. మాట, అన్నం. అన్ని పెళ్ళిళ్ళలోనూ ఆవిడ ఉన్నారు. లైటు వెనకాల. అందరి ముఖాల మీదా పడుతున్న ఆ తెల్లటి వెలుగు ఆవిడదే. ముఖం మాత్రం ఎక్కడా లేదు. చివరికి పెద్దకార్యానికి ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించాం. అందులో ఆవిడ ఎవరి మీదో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినట్టు ఉన్నారు.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఆ గది ఖాళీ చేసే రోజు మా అబ్బాయి అన్నాడు, "బాబాయ్, ఇంక మిషను ఆపెయ్యండి. డిస్కులు నేను పట్టుకెళ్తాను." కాసేపు ఆగరా అని వాణ్ణి భోజనానికి పంపాను. మా మేనకోడలి పెళ్ళి తీసి పీట మీద పెట్టాను. అన్నం పెట్టాను, మాట అడిగాను. ముసలాయనకి కనబడలేదు. వెతకమన్నాను. దొరికింది.

బంతి. మా ఆవిడ. వడ్డించే చేతులు. నెయ్యి గిన్నె పట్టుకున్న చెయ్యి ఒకటి తెర అంచులోంచి వచ్చింది. ఆ మణికట్టుకి మగవాళ్ళ గడియారం. దాని ముఖం లోపలి వైపుకి తిరిగి ఉంది. మా ఆవిడ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి వినకుండా ఇంకో గరిటె వేసింది. అప్పుడు మా ఆవిడ తలెత్తి నవ్వింది. కెమెరా వైపు కాదు. కాస్త పైకి, పక్కకి, ఆ చెయ్యి గలావిడ వైపు.

ఇన్నేళ్ళూ చూసింది ఇదే. ముఖమే చూసుకున్నాను, చేతిని చూడలేదు. వదినగారికి తెలుసు. అతికింది ఆవిడే కదా, ప్రతి క్షణమూ తెలుసు. ఆ నవ్వు తనదని ఒక్క మధ్యాహ్నం కూడా అనలేదు. "అవునండీ, మిమ్మల్ని చూసే" అంటూ వచ్చారు.

మా అబ్బాయి వచ్చేలోపు ఇంకొక్కసారి చూసి, తెర మూల సెలవు అడిగాను. బుడగ వచ్చింది. ఎర్ర తీగ తీశాను. తర్వాత కరెంటు. ఆ తర్వాత మిషను కూడా ఆపేశాను. గుర్రుమనడం ఆగిపోయి, ఆ గదిలో మొదటిసారి రోడ్డు మీద పోయే ఐసు లారీ చప్పుడు వినబడింది.

డిస్కు మీద అరచెయ్యి వేసి కూర్చున్నాను. లోపల సన్నగా తిరుగుతోంది. మా అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, "ఆగిందా బాబాయ్?" అన్నాడు. ఆగిందో లేదో ఈ వయసు చేతికి సరిగ్గా తెలియదు. అందుకని చెయ్యి తియ్యలేదు.