నాయన పడుగు కింద శంఖుపూలు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో గాలి లేచిందంటే అన్నం ముద్దలోనూ దుమ్మే. మా ఇంటి పక్క ఖాళీ జాగాలో నాయన చీర నేతకు పట్టు పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి కట్టేవాడు. దానికి మట్టి అంటకుండా పొద్దున్నే చిమ్మడం, నీళ్ళు చల్లడం, ఆరగానే మళ్ళీ చల్లడం... ఇవీ నా పనులు.

బోరింగు నీళ్ళు మోయలేక నేను ఏడుస్తుంటే, మా అవ్వ ఆ జాగా అంతా శంఖుపూల గింజలు చల్లింది. పందిరి లేదు, పోషణ లేదు. ఒక్క వానకే తీగ నేలంతా పాకింది. ఎండల్లోనూ నీలంగా పూసేది. దుమ్ము అణిగింది... నా పనులూ తగ్గాయి.

ఒక సాయంత్రం, పెళ్ళి చీరల కోసం షావుకారు ఇచ్చిన తెల్ల పట్టు పడుగు కట్టి ఉంది. ఉన్నట్టుండి వాన. చుట్టే వ్యవధి లేదు.

"చూరు కింద తీగ మీద పెట్టండి, మట్టి అంటదు" అన్నాడు నాయన.

పెట్టాం. పైన దుప్పట్లు కప్పి, గాలికి ఎగరకుండా ఇంటిల్లిపాదీ చేతులతో అదిమి పట్టుకున్నాం. మా ఊరికి వాన వచ్చిందని నవ్వుకుంటూ...

దుప్పట్లు తీస్తే తెల్లటి పట్టంతా నీలం మరకలు. పడుగు పాడైతే షావుకారు మళ్ళీ పట్టు ఇవ్వడు. మగ్గం ఆగిపోతుంది.

అవ్వ పరుగున చింతపండు రసం తెచ్చి రుద్దింది. నీలం కాస్తా మా కళ్ళముందే ఎర్రబడింది! అమ్మ అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పట్టును బోకులు తోమినట్ల తోమితివే అత్తా..."

చన్నీళ్ళతో కడగ్గా కడగ్గా, ఒక కొసన మూరెడు మేర లేత గులాబీ ఛాయ మిగిలింది. నాయన దాచలేదు. షావుకారును పిలుచుకొచ్చి చూపించాడు. ఆ కొస, చీర కట్టినప్పుడు బొడ్లో దోపుకునే వైపు వచ్చేట్టు నేస్తానన్నాడు. షావుకారు ఆ కొసను వేళ్ళతో తడిమి చూశాడు.

"నెయ్యప్పా. ఆ తీగ మాత్రం పీకెయ్."

నాయన పీకేశాడు. వారం తిరక్కుండానే దుమ్ము లేచింది... బిందె మళ్ళీ నా చంకకెక్కింది. అవ్వ ఊరుకోలేదు, ఎక్కడినుంచో గింజలు తెచ్చి చల్లింది.

"ఈసారి తెల్లపూలవిలే పాపా. యాడ నలిగినా కనపడవు."

నిజంగానే తెల్లగా పూశాయి. ఆ పూల పక్కనే నాయన ఎన్ని పడుగులు కట్టాడో...

ఇప్పుడక్కడ సిమెంటు పరిచారు. దుమ్ము లేదు, నీళ్ళు చల్లే పని లేదు... వాన పడితే నవ్వుకుంటూ పరుగెత్తేవాళ్ళూ లేరు. మీ ఇంటి పక్క నేలను ఏ తీగ కప్పేది? గుర్తుంటే చెప్పండి...