జన్నత్ బీ నోరు

మా నాన్నను కన్న దాదీ జన్నత్ బీ నోటికి చౌటుప్పల్‌లో మొదటినుంచీ మంచి పేరు లేదు. బీడీల కార్ఖానాలో కూర్చోబెడితే ఆమె ముచ్చట్లకు చుట్టూ ఉన్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి. సేటు దండం పెట్టి పంపించేశాడు. రబియా దగ్గర కుట్టుపనికి చేరి, మాటల్లో పడి ఒకే జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టింది.

"రేపటిసంది నీ నోరు ఇంటికాడ పెట్టి రా" అంది రబియా.

"అది నన్నిడిసి ఉండదమ్మా" అని జన్నత్ బీ మళ్లీ అటు పోలేదు.

ఎనభై ఆరులో భర్త మెహమూద్ రోడ్డు పక్కన జాగా కిరాయికి తీసుకుని గాజుల దుకాణం పెట్టాడు. తొడిగే పని జన్నత్ బీది. "దుకాణమంటే ఇజ్జత్, మర్యాద ఉండాలె. గాజులు తొడుగు, పైసలు తీస్కో. నోరు మాత్రం తెరవకు" అన్నాడు.

పాపం, నిజంగానే ప్రయత్నించింది. పెదాలు బిగించి, తాలూకా ఆఫీసు గుమాస్తాలా కూర్చునేది. వచ్చిన ఆడవాళ్లు ఆ మొహం చూసి, "పానం మంచిగ లేదా బీబీ?" అని పరామర్శించి వెళ్లిపోయేవారు. తొడిగించుకున్నవాళ్లకు చేతులు నొప్పి. గాజులు పటపటా చిట్లేవి.

ఏడాది తిరగకముందే మెహమూద్ తేల్చేశాడు. "గీ పెండ్లిళ్లు అయిపోంగనే గాజులు వాపస్ చేస్త. సైకిళ్ల రిపేర్ పెడత."

గాజులంటే జన్నత్ బీకి ప్రాణం. ఇదీ పోతే ఇక తనకు చేతనైన పనంటూ ఏముంది?

అప్పుడే నేతపని చేసే గండయ్య ఇంటినుంచి కబురొచ్చింది. కూతురు రాజమణికి పెళ్లిగాజులు తొడగాలి. పెట్టె మోస్తూ మెహమూద్ కూడా వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు. చిన్నప్పటినుంచీ నూలుకు ముడులు కట్టీ కట్టీ రాజమణి వేళ్ల కణుపులు గట్టిపడ్డాయి. తల్లి శారదమ్మ మాత్రం పట్టు విడవలేదు. "బిగువుగాజులే కావాలె. వదులుయి ఏసుకపోతె అత్తగారింట్ల నవ్వరా?"

జన్నత్ బీ నోరు మూసుకుని ఆకుపచ్చ గాజు ఎక్కించబోయింది. పిల్ల భయానికి చెయ్యి కట్టెలా బిగిసింది. గాజు ఫట్‌మంది. పెళ్లిగాజు చిట్లితే ఎవరికి మంచిగా ఉంటుంది? రాజమణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెహమూద్ గడప దగ్గరినుంచి, మాట్లాడొద్దన్నట్టు వేలు పెదాలమీద పెట్టాడు. జన్నత్ బీ ఆ వేలు చూసింది, పిల్ల కళ్లు చూసింది. ఇక ఆగలేదు.

"ఏం బిడ్డా, పిలగాడు కండ్లద్దాలు పెడ్తడంట గదా? సూపులనాడు అద్దాలు ఇంట్ల మర్సిపోయి, మీ అమ్మను సూసి ఒప్పుకోలే గదా?"

"థూ, నీ నోట్ల మన్నువడ!" శారదమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. రాజమణికి నవ్వు ఆగలేదు. నవ్వేసరికి చెయ్యి వెన్నలా మెత్తబడింది. గాజు జారి మణికట్టుకు చేరింది.

"గిట్ల ఎక్కిందేంది?" అంది పిల్ల ఆశ్చర్యపోయి.

జన్నత్ బీ కూడా ఆశ్చర్యపోయింది. ఇన్నాళ్లూ నోరు తన పనికి అడ్డం అనుకుంది. పని చేసేది ఆ నోరే! తర్వాత మొగుడి నడక, అత్త గురక, ఆడబిడ్డ జడ ఒక్కొక్కటీ వర్ణిస్తూ రెండు చేతులూ నింపింది. మరొక్క గాజు కూడా చిట్లలేదు. గండయ్య ముసలి తల్లి కూడా ముందుకు జరిగి, "నాగ్గూడ తొడుగు బీబీ, నా మొగనిమీద జర చెప్పు" అని చెయ్యి చాపింది.

తిరిగి వస్తుంటే మెహమూద్ పెట్టె భుజం మార్చుకున్నాడు. "గాజులు వాపస్ చెయ్య" అన్నాడు. "దుకాణంల గూడ గట్లనే తొడుగు. ఇజ్జత్ సంగతి నేను చూస్కుంట."

తొంభైల్లో యాదగిరిగుట్ట నుంచి కూడా పెళ్లిళ్లవాళ్లు జీపులు కట్టుకుని వచ్చేవారు. ఎవరూ జన్నత్ బీ అని అడిగేవారు కారు, "మాటల బీబీ దుకాణం యాడ?" అనేవారు. మెహమూద్ పెయింటర్ ఎల్లస్వామిని పిలిచి, ఆ పేరే బోర్డు మీద ఎర్రగా రాయించాడు.

జన్నత్ బీకి చదువు రాదు. అయితేనేం, వచ్చిన ప్రతి మనిషిని మళ్లీ బయటికి పంపి, "జర గట్టిగ సదువు బిడ్డా" అని చదివించుకున్న తర్వాతే గాజులు చూపించేది.